పదమూడో నంబరు

"నేనే చంపి ఉంటానేమో."

ఆ మాటన్న కుర్రాడి పేరు టోబీ. వయసు ఇరవై. ఆవులు పితికే ఇంట్లో పుట్టి, తలుపు చట్రానికి తల తగిలేంత ఎత్తు పెరిగి, ఈ సీజన్లోనే తారావై ప్రొవిన్స్ రగ్బీ జట్టులోకి వచ్చాడు. అంత మనిషీ పోలీస్ స్టేషన్ కుర్చీలో మోకాళ్ళు దగ్గరికి చేర్చుకుని కూర్చున్నాడు. ఎడమ కనుబొమ్మ మీద కుట్లు. చూపు ఎదుటివాళ్ళ మీద నిలవడం లేదు.

పాండురంగకి ఒళ్ళు మండింది. పామర్‌స్టన్ నార్త్‌కి మన దేశం నుంచి చదువుకోడానికి వచ్చి, చదువు సగంలో వదిలేసి ప్రైవేట్ డిటెక్టివ్ అయిన మనిషి అతను. చంపి చంపలేదని బొంకేవాళ్ళని కావలసినంతమందిని చూశాడు. చంపానేమో అని తనకు తానే ఉరి తగిలించుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాడు.

"ఏమో ఏమిటయ్యా? చంపావా, లేదా?"

"గుర్తు లేదు. రెండో సగం మొదట్లో ఎవరి భుజమో వచ్చి తలకి కొట్టుకుంది. ఆ తరవాత గుర్తున్నది అమ్మ సూప్ తాగించడమే. మధ్యలో మ్యాచ్ ఆడానట, గెలిచామట, నాకు తెలీదు. లోకేశ్ పోయాడని కూడా మర్నాడు పోలీసులొచ్చి చెప్తేనే తెలిసింది." టోబీ కుట్ల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నన్ను వెనక గేటు దగ్గర చూసినవాళ్ళున్నారని సార్జెంట్ మర్డాక్ చెప్పాడు. చూసినాయనకి నా మీద పగేముంది, అబద్ధం చెప్పడానికి? రెండింటికి లాయరొస్తాడు. ఒప్పుకుంటూ సంతకం పెట్టేస్తాను. ఈ ఆలోచన ఇంక నావల్ల కాదు."

2016 అక్టోబరులో, ఆ ముందు శనివారం మధ్యాహ్నం జరిగింది ఇదీ. ప్రొవిన్స్‌ల పోటీలో సెమీఫైనల్. తారావై గెలిచింది. జనం మైదానంలోకి దూకి ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుంటున్న సమయంలో జట్టు వీడియో అనలిస్టు లోకేశ్‌ని ఎవరో తల వెనక కొట్టారు. ఆటగాళ్ళు మ్యాచ్ అయ్యాక ఒళ్ళు చల్లబరచుకోడానికి ఐసునీళ్ళు నింపి ఉంచే చక్రాల డబ్బా ఒకటుంటుంది. చెత్త వేసే డబ్బాల్లాంటిదే, కాకపోతే కొత్తది. అందులో లోకేశ్‌ని తలకిందులుగా కుక్కేశారు. ఊపిరితిత్తుల నిండా నీళ్ళున్నాయి. అంటే ముంచేటప్పటికి బతికే ఉన్నాడు.

చనిపోయే ముందు లోకేశ్ తన భార్య కీర్తనకి ఫోన్ చేశాడు. "టోబీ తలకి గట్టి దెబ్బ తగిలింది కీర్తనా, తూలుతున్నాడు. బయటికి తియ్యండని పై గదినుంచి రేడియోలో మొత్తుకున్నా కింద కోచ్‌లు వినలేదు. ఆ వీడియో రగ్బీ బోర్డుకి పంపేస్తున్నా," అన్నాడట. తలకి దెబ్బ తగిలినట్టు బోర్డు తేలిస్తే ఫైనల్ ఆడనివ్వరు. ఫైనల్ పోతుందనే టోబీ చంపాడని పోలీసుల లెక్క. ప్రతి ఆదివారం తన వంటింట్లో కూచుని ఆవకాయన్నం తిని కళ్ళనీళ్ళు పెట్టుకునే పిల్లాడు తన మొగుణ్ణి చంపాడంటే కీర్తన నమ్మలేదు. ఏడుపు ఆపుకుని పాండురంగకి ఫోన్ చేసింది.

"కీర్తన నా గురించి ఏమంటోంది?" అని అడిగాడు టోబీ.

"నువ్వు కాదంటోంది. రెండింటిదాకా ఆ పెన్ను ముట్టుకోకు. ఆ తరవాత నీ ఇష్టం."

* * *

మైదానం వెనక గేటుకి ఎదురుగా రోడ్డవతల ఒక డెయిరీ ఉంది. ఆ దేశంలో మూల మీది చిల్లరకొట్టుని డెయిరీ అంటారు. పేరుకే పాలు, దొరికేది సమస్తం. అందులో కౌంటరు వెనక కూచునే శేషయ్యే మర్డాక్‌కి దొరికిన ఒకే ఒక సాక్షి. చీరాల మనిషి. కూతురూ అల్లుడూ ఉద్యోగాలకి పోతే పగలంతా కొట్టు ఆయనదే. ఇంగ్లీషు అంతంత మాత్రం, హుషారు మాత్రం బోలెడు.

"పాండురంగ గారా! రండి నాయనా, కూచోండి. ఒక్క నిమిషం, పిల్లితిండావిడకి చిల్లరిచ్చి వస్తా." ఆవిడ వెళ్ళగానే నవ్వాడు. "ఇక్కడి పేర్లు నా నోటికి పట్టి చావవు. అందుకే నేనే పెట్టుకుంటా. ఆవిడ పిల్లితిండావిడ. ఆ మూలింటాయన లాటరీ మామయ్య. నిన్న నన్ను ప్రశ్నలడిగినాయన పండుమిరప పోలీసు. జుట్టు చూశారా, ఎలా ఉందో?"

పాండురంగ నవ్వలేదు. గోడ గడియారం వంక చూశాడు.

"బాబాయ్ గారూ, పోలీసులకి చెప్పిందే నాకూ చెప్పండి. ఒక్క ముక్క వదలొద్దు."

"వదలడానికి ఏవుంది గనక? మ్యాచ్ అయినట్టు హారన్ కొట్టారు. జనమంతా అటు, ముందు గేటు వైపు. బయట పెట్టిన ఐస్‌క్రీం బోర్డు తడుస్తోందని లోపలికి లాక్కుంటున్నా. అప్పుడు ఇదిగో, ఈ గేటులోంచి వచ్చాడు. గబగబా నడిచి ఆ పక్క సందులోకి మళ్ళిపోయాడు. చూస్తే నంబర్ థర్టీన్! అందరూ గెలిచి గంతులేస్తుంటే ఈయనేంటి ఇలా దొంగలా పోతున్నాడు అనుకున్నా."

"సరిగ్గా చూశారా? వాన పడుతోందిగా?"

"కళ్ళజోడుంది. రోడ్డు వెడల్పెంత, నాలుగడుగులు. మనిషి పొడుగు, తెల్లవాడు. నంబర్ థర్టీన్. పోలీసు రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ అదే చెప్పా. రాసుకుని నాకు థాంక్యూ కూడా చెప్పాడు." శేషయ్య మొహంలో హుషారు తగ్గింది. "ఎందుకు నాయనా, తప్పు చెప్పానా? ఆ పోయిన కుర్రాడు మనవాడట కదా. ఉన్నది చెప్పకపోతే ఆ పాపం నాకు చుట్టుకోదూ?"

ఆయన మాటలో ఎక్కడా తేడా లేదు. అదే పాండురంగని కుంగదీసింది. అబద్ధం చెప్పేవాణ్ణి విరగ్గొట్టడం అతనికి చేతనవును. నిజం చెప్తున్నవాణ్ణి ఏం చేయాలో తోచలేదు. ఇంకేదో అడగబోయాడు. జేబులో ఫోను మోగింది. అవతల మర్డాక్.

"రంగా! హత్య జరిగిన గది చూస్తానని తల తింటున్నావుగా. నేనిక్కడే ఉన్నా. పది నిమిషాలు ఉంటా, ఆ పైన తాళమే."

పాండురంగ లేచాడు. అడగాల్సిన ఒక్క ప్రశ్న అడక్కుండానే లేచాడని అతనికప్పుడు తెలీదు.

* * *

డిటెక్టివ్ సార్జెంట్ మర్డాక్‌కీ పాండురంగకీ చాలాకాలంగా పడదు. ఒక ఇన్సూరెన్సు కేసులో మర్డాక్ పట్టుకున్నవాణ్ణి పాండురంగ విడిపించాడు, అది మొదలు. పాండురంగ అన్న పేరు తెల్లవాళ్ళ నోట్లో నలిగి రంగా అయింది. ఆ దేశపు వాడుకలో రంగా అంటే ఎర్రజుట్టువాడని వెక్కిరింత. పాండురంగది బట్టతల. మర్డాక్‌ది నిప్పుల్లాంటి ఎర్రజుట్టు. అందుకని ఎవరైనా "రంగా" అని కేకేస్తే ఇద్దరూ తిరిగి చూస్తారు, అందులో ఒకడు పళ్ళు కొరుకుతాడు.

వెనక తలుపు తీసింది జట్టు అసిస్టెంట్ కోచ్ డేన్ హార్లో. క్లబ్బు తాళాలన్నీ అతని దగ్గరే ఉంటాయి. చేతికి నల్ల రిబ్బను, మొహంలో నిద్రలేమి. "లోకేశ్ లాంటి కుర్రాడు మళ్ళీ దొరకడు. మీకేం కావాలన్నా అడగండి," అని తలుపు పక్కకి తప్పుకుని, తాళాలగుత్తి చేతిలో ఆడిస్తూ నిలబడ్డాడు.

చిన్న గది. సిమెంటు నేల. ఐసు డబ్బాలు గోడ వారన వరసగా ఉన్నాయి. వరసలో ఒకచోట ఖాళీ, అక్కడి డబ్బాని పోలీసులు పట్టుకుపోయారు. ఈ చివర తలుపు తీస్తే వెనక గేటు. ఆ చివర తలుపు తీస్తే ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గది. కిటికీ లేదు. జనం కేకల్లో ఇక్కడ పిడుగు పడినా వినిపించదు.

"కథ సులువు," అన్నాడు మర్డాక్. "మ్యాచ్ అవగానే లోకేశ్ కంప్యూటర్ తీసుకుని ఇటొచ్చాడు. టోబీ వెనకే వచ్చాడు. ముంచాడు. కంప్యూటర్ లాక్కుని వెనక గేటులోంచి పోయాడు. సాక్షి చూశాడు. ఒక్కటే తక్కువ, వాడు తొడుక్కున్న చొక్కా. దాన్ని, కంప్యూటర్ని వాగులో పారేసి ఉంటాడు. గజ ఈతగాళ్ళు వెతుకుతున్నారు."

"వాగులోనా? ఇంతదూరం వచ్చి ఆ పక్క గది వెతికావా?"

"ఆటగాళ్ళ పెట్టెలన్నీ వెతికాం."

పాండురంగ పక్క గదిలోకి నడిచాడు. పెట్టెల జోలికి పోలేదు. తిన్నగా డాక్టరు బల్ల దగ్గరికి వెళ్ళి వంగాడు. బల్ల కింద కట్లూ దూదీ పడేసే పసుపుపచ్చ సంచీ, మూతికి టేపు చుట్టి ఉంది. చేతికి గ్లవ్స్ తొడుక్కుని టేపు విప్పి, అందులోంచి ఒక చొక్కా పైకి లాగాడు. కాలరు చిరిగింది. రొమ్ము మీద నెత్తురు ఎండి అట్టకట్టింది. వెనక్కి తిప్పాడు. 13.

తలుపు దగ్గర తాళాల చప్పుడు ఆగింది. మర్డాక్ చెవులు జుట్టు రంగుకి తిరిగాయి.

"వాగులో నీళ్ళు చల్లగా ఉంటాయి, పాపం ఆ ఈతగాళ్ళని బయటికి రమ్మను," అన్నాడు పాండురంగ. "రక్తం అంటిన చొక్కాతో ఆడనివ్వరని నాకంటే నీకే బాగా తెలియాలి. కనుబొమ్మ చిట్లగానే డాక్టరు టోబీ చొక్కా విప్పించి నంబరు లేనిది తొడిగాడు. ఇదిగో చూడు." ఫోన్లో మ్యాచ్ చివరి నిమిషాలు పెట్టి ముందుకు చాపాడు. బంతి చంకన పెట్టుకుని తూలుతూ పరిగెడుతున్నాడు టోబీ. వీపు బోసిగా ఉంది. నంబరే లేదు. "నువ్వూ మ్యాచ్‌కి వచ్చావనుకుంటా?"

"డ్యూటీలో ఉన్నాను."

"బారు దగ్గరేమో."

మర్డాక్ ఒక అడుగు ముందుకేశాడు. "నోరు అదుపులో పెట్టుకో. నంబరున్న చొక్కా సంచీలో ఉంటే, ముసలాయన చూసిందేమిటి? దెయ్యాన్నా?"

"అదే నేనూ అడుగుతున్నా. హారన్ కొట్టేసరికి వీపు మీద పదమూడు ఉన్నవాడు ఈ మైదానంలో ఒక్కడూ లేడు."

"అయితే ముసలాడు అబద్ధమాడాడు."

"ఆయన అబద్ధమాడలేదు. ఆయన చెప్పిందేదో మనకే సరిగ్గా ఎక్కలేదు. అసలు వీపు చూశాడా అని అడిగావా?"

"వీపు చూడక? నంబరు వీపు మీద కాక నొసటి మీద ఉంటుందా?"

పాండురంగ కోపంతో గొంతు పెంచాడు. "ఆ ముసలాయన్ని మళ్ళీ అడగాలి! టోబీని ఉరికెక్కించేదీ ఆయన మాటే, దింపేదీ ఆయన మాటే. ఆయన ఎవర్ని చూశాడో తేలేదాకా ఆ కుర్రాడి చేత సంతకం పెట్టించావో, కోర్టులో నీ ఉద్యోగం ఊడగొడతా!"

"సరే!" మర్డాక్ కూడా అరిచాడు. "స్టేషన్‌కి పిలిపిస్తా. నీ ఎదురుగానే అడుగుతా. ఆయన మళ్ళీ పదమూడే అంటే నువ్వు పామర్‌స్టన్ నార్త్‌కి పోయి తప్పిపోయిన పిల్లుల్ని వెతుక్కో."

"మీరిద్దరూ కాస్త శాంతించండి," అన్నాడు తలుపు దగ్గర నుంచి హార్లో, మెత్తగా. "కాఫీ తెస్తాను." అతను వెళ్ళాడు. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు.

మర్డాక్ ఫొటోలు తీసి, చొక్కాని పోలీసు కవర్లో పెట్టి, దానిమీద వివరాలన్నీ రాసేసరికి పావుగంట పట్టింది. కోపం దిగింది. రగ్బీ తెలియనివాడికి చెప్పే జాలిగొంతుతో మొదలెట్టాడు.

"నీకు ఒక సంగతి అర్థం కావట్లేదు రంగా. మీ క్రికెట్‌లా కాదు ఇది. ఇక్కడ నంబరు మనిషిది కాదు, చోటుది. ఆ రోజు ఆ చోటులో ఎవడు నిలబడితే వాడే పదమూడు. పోయిన వారం అది ఇంకొకడిది. ఈ శనివారం టోబీది. ముసలాయన పదమూడు అన్నాడంటే టోబీయే. ఇంకెవడూ కావడానికి వీల్లేదు."

"ఏమన్నావ్?"

"నంబరు మనిషిది కాదన్నాను."

పాండురంగ ఆ మాట మనసులో మళ్ళీ అనుకున్నాడు. నంబరు మనిషిది కాదు. మర్డాక్‌కి కాదు. ఈ ఊళ్ళో పుట్టిన పసిపిల్లాడికి కూడా కాదు. కానీ శేషయ్య చీరాలలో క్రికెట్ చూసి పెరిగినవాడు. మనవాళ్ళకి ఆటగాడి నంబరంటే ఇంటిపేరు లాంటిది, ఆట మానేసినా అతన్ని వదిలిపోదు. పైగా ఆయనకి పేర్లు నోటికి పట్టవు. ఆయన చెప్పింది చొక్కా కాదు. మనిషి పేరు.

డెయిరీ నంబరు నొక్కాడు. ఎవరూ తీయలేదు. సెల్‌కి చేశాడు. వెంటనే తీశాడు శేషయ్య. వెనక కారు వైపర్ల చప్పుడు.

"పాండురంగ గారా? వస్తున్నా నాయనా. కొట్టు మూసి బయలుదేరా. పోలీసులు స్టేషన్‌కి తీసుకురమ్మన్నారటగా."

పాండురంగ మర్డాక్ వంక చూశాడు. మర్డాక్ ఇంకా ఎవరికీ ఫోనే చేయలేదు.

"బాబాయ్ గారూ, జాగ్రత్తగా వినండి. ఆ రోజు మీరు చూసినాయన వీపు మీద నంబరు ఉందా?"

"వీపేంటండీ? వానకోటు తొడుక్కున్నాడు. నేను చూసింది మొహం."

"మరి నంబరెలా చెప్పారు?"

"ఆయనది అదేగా! నేనొచ్చిన కొత్తలో మా అల్లుడు మ్యాచ్‌కి తీసుకెళ్ళాడు. నేను చూసిందల్లా ఆ ఒక్కటే. ఆయన ఒంటిచేత్తో గెలిపించేశాడు. ఆ తరవాత రోజూ మా కొట్టుకొచ్చి మీట్ పై ఒకటి కొనుక్కుని తింటాడు. ఇప్పుడు ఆడ్డం మానేసి కుర్రాళ్ళకి నేర్పుతున్నాడట. మంచి మనిషి. ఇందాక వానలో ఎలా వెళ్తావు, నేను దింపుతా రమ్మన్నాడు."

పాండురంగ తలుపు వైపు చూశాడు. కాఫీ రాలేదు. తాళాలగుత్తి చప్పుడు లేదు. వెనక గేటు బార్లా తీసి ఉంది. లోకేశ్ రేడియోలో మొత్తుకున్నా టోబీని బయటికి తీయని కోచ్ హార్లోయే అయి ఉండాలి, ఆ వీడియో బయటపడితే పోయేది అతని కొలువే. తన నోటితో తనే, ఆ మనిషి వింటుండగా, అంతా ఈ ముసలాయన మాట మీదే ఉందని అరిచి చెప్పాడు. తలని గోడకేసి కొట్టుకోవాలనిపించింది. టోబీని కాపాడగలిగిన నోరు ప్రపంచంలో ఒక్కటే ఉంది. అది ఇప్పుడు హార్లో పక్క సీట్లో కూచుని కబుర్లు చెప్తోంది.

మర్డాక్ చెయ్యి పట్టుకుని గేటు వైపు చూపించాడు. పెదాలతో "హార్లో" అన్నాడు. మర్డాక్ మొహంలో నెత్తురు ఇంకిపోయింది. రేడియో అందుకుని బయటికి పరిగెత్తాడు.

"బాబాయ్ గారూ," పాండురంగ గొంతు మామూలుగా ఉంచడానికి నానా తంటాలూ పడ్డాడు, "మీరు నవ్వుతూ ఉండండి. అచ్చ తెలుగులోనే మాట్లాడండి, ఇంగ్లీషు ముక్క ఒక్కటి కూడా వద్దు. ఆయన నంబరు ఎత్తొద్దు. కడుపులో తిప్పుతోందని సైగ చేసి కారు ఆపించండి. మనుషులున్న చోట దిగిపోండి. చుట్టూ ఏం కనిపిస్తోంది?"

"ఏం కనిపిస్తుంది, చెట్లే. ఊరు దాటేశాం. దగ్గరి దారట." శేషయ్య గొంతులో అయోమయం. "దిగడం ఎందుకు నాయనా? నాకు భయమేంటి? బండి నడిపేది పరాయివాడా ఏమన్నానా, మన నంబర్ థర్టీనేగా!"

వైపర్ల చప్పుడు ఆగింది. టైర్ల కింద గులకరాళ్ళు నలిగాయి, కారు నిలిచింది. "ఏమైంది సార్? వై స్టాప్?" అని శేషయ్య అడగడం దూరంగా వినిపించింది. ఫోను చేతులు మారింది.

"హలో రంగా," అన్నాడు హార్లో. కాఫీ తెస్తానన్నప్పటి మెత్తదనమే గొంతులో. "మీ భాష నాకు ఒక్క ముక్క రాదు, మేట్. కానీ పదేళ్ళు వీపు మీద మోసిన నంబరు ఎవరు పలికినా నాకు వినబడుతుంది."

ఫోను ఆగిపోయింది. పాండురంగ మళ్ళీ చేశాడు. మోగలేదు.